అది శిలువ కాదు, ఇంటూ గుర్తు

మా ఆడపడుచు పోయిందన్న కబురు మా ఊరి బుతిక్ కొట్టాయన తెచ్చారు. మా వీధి మొత్తానికి టెలిఫోను ఉన్నది ఆయన కొట్లో ఒక్కచోటే. ఎవరికి ఫోను వచ్చినా గేటు బయట నిలబడి కేకేసి వెళ్ళిపోయే మనిషి, ఆ మంగళవారం పొద్దున మాత్రం లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, వసారా మెట్టు దగ్గర నిలబడ్డారు. విప్పిన చెప్పులు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందనీ, తెల్లవారేసరికి అంతా అయిపోయిందనీ ఆయన తర్వాత చెప్పారు. నేను అప్పుడు వాకువా ఆకు చీలుస్తున్నాను. బుట్టలల్లే ఆకు అది, అంచుల్లో ముళ్ళుంటాయి. చీలిక మధ్యలో వదిలేస్తే పక్కకు పోతుంది. అందుకని ఆ ఆకు చివరిదాకా చీల్చి, అప్పుడు లేచాను.

మా దీవికి స్వతంత్రం వచ్చి కొత్త జెండా ఎగిరి అప్పటికి మూడు వారాలు. జెండా మార్చిన రోజు ఆమె మా ఇంట్లోనే ఉంది. రేడియో దగ్గరికి కుర్చీ లాక్కుని శాలువా కప్పుకుని కూర్చుంది. అప్పటికే బాగా చిక్కిపోయింది. "వదినా, ఇవాళ్టి నుంచి మనం ఎవరి మనుషులం?" అని అడిగింది. "నువ్వు నా మనిషివి. ముందు గంజి తాగు," అన్నాను.

నాకు చదువు లేదు. ఈ మాటలు నేను చెబుతుంటే, మా ఊరి సాయంత్రం బడిలో తెలుగు చెప్పడానికి ఇండియా నుంచి వచ్చిన మేష్టారు ఒక పుస్తకం కోసం రాస్తున్నారు. నా మాటలకు ఇస్త్రీ చెయ్యవద్దని ముందే చెప్పాను. తిరిగి చదివి వినిపిస్తుంటే కొంచెం చేసినట్టే ఉంది. పోనీలెండి. అసలు సంగతి చెడకపోతే చాలు.

అసలు సంగతి ఇది. మా కోవెలలో ఏటా రామభజన నాడు, దీపం చుట్టూ అడుగు వేసే ముందు, ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు పిలుస్తారు. పేరు వినబడగానే ఆ ఇంటివాళ్ళు "వచ్చాం" అని ముందుకెళ్ళి దీపంలో ఒక గరిటె నూనె పోస్తారు. అంతే. దానికి మంత్రం లేదు, దక్షిణ లేదు. ఈ ఏడాది జాబితాలో మా ఆడపడుచు పేరు లేదు. ఆమె ఇంగ్లండు సీమకు వెళ్ళి శిలువ పుచ్చుకుందని కమిటీవారు అంటున్నారు. పుచ్చుకోలేదని నేనంటున్నాను. మా కొడుకు "లెస్ సా, మామా," అంటాడు, వదిలెయ్యమని. వాడికి చెరకు లారీ ఉంది, తీరిక లేదు. నాకున్నది తీరికే. చదివేవాళ్ళు నా మాట కూడా విని, అప్పుడు చెప్పండి.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆమెకు నాలుగేళ్ళు. అత్తగారు లేరు. నా పక్కలోనే పడుకుని పెరిగింది. ఇంట్లో మగవాళ్ళు ఈ దీవి క్రియోల్ భాషలోనే మాట్లాడుకునేవారు. పక్కింటివాళ్ళది భోజ్‌పురి. మా అమ్మ నాకిచ్చిన తెలుగు నా దగ్గర మూట విప్పకుండా ఉండిపోయింది. ఈ పిల్లకు జడ వేస్తూ దాన్ని విప్పాను. పొద్దున్నే మూడు పాయలు తీసి, పాయకొక పాట చెప్పేదాన్ని. తల కదిపితే మళ్ళీ మొదటినుంచి. అలా వచ్చింది ఆమెకు తెలుగు. సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంది కానీ, రెండో వాచకం దాటలేదు. మిగతా చదువంతా ఫ్రెంచిలో, ఇంగ్లీషులో. అది మాత్రం ఎవరికీ అందనంత చదివింది.

నర్సు పని నేర్చుకోడానికని ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళింది. రెండేళ్ళయ్యాక ఆసుపత్రి మానేసి ఒక కాలేజీలో పనికి కుదిరానని రాసింది. ఎక్స్‌రే పని అంది. అది విని మా ఊళ్ళో ఒకాయన విరిగిన చెయ్యి చూపించడానికి ఆమె ఎప్పుడు తిరిగొస్తుందని మా ఇంటికొచ్చి అడిగాడు. ఆమె తీసేది ఎముకలను కాదని మాకెవరికీ తెలియదు.

ఆమె ఉత్తరాలను భజన పాడే ఆయన వచ్చి చదివి వినిపించేవాడు. ఆయనే ఇప్పుడు కోవెల కమిటీ పెద్ద. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఆ రోజు వసారాలో పదిమంది ఉన్నారు. కవరులోంచి ఒక ఫోటో కిందపడింది. ఆయన ఉత్తరం విప్పి పైకి చదివాడు. ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"వదినా, ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న శిలువ నిన్న మాకు దొరికింది. చీకటి గదిలో దాన్ని చూసి ఏడ్చాను. ఇంత అందమైనది నేను ఎప్పుడూ చూడలేదు. నీకు కూడా ఒకటి పంపుతున్నాను."

 ఆయన వంగి ఫోటో తీశాడు. అరచేతిలో పట్టేంత బొమ్మ. బూడిదరంగు గుండ్రం, దాని మధ్యలో అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకునే రెండు వరసల నల్ల మచ్చలు. ఆయన దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నిలువుగా నిలబడగానే చెయ్యి ఆపి, "ఇదుగో," అన్నాడు.

మావారు అరిచే మనిషి కాదు. లోపలికి వెళ్ళి, దేవుడి మూల దగ్గర కాసేపు నిలబడి వచ్చి, అక్కడికక్కడే ఆయన చేతే జవాబు రాయించారు. "నీ శిలువ నీ దగ్గరే ఉంచుకో. ఈ ఇంటి గడప తొక్కకు." ఫోటో పొయ్యిలో వెయ్యమని నాకిచ్చారు. నేను వెయ్యలేదు. అల్లుతున్న బుట్ట అడుగున రెండు పొరల మధ్య పెట్టి పైన అల్లేశాను. అలాగని నన్ను గొప్పదాన్ని అనుకోకండి. నేను కూడా నమ్మాను. మేష్టారూ, ఇది తప్పకుండా రాయండి. నా చేతుల్లో పెరిగిన పిల్ల, నన్నొక మాట అడక్కుండా దేవుణ్ణి మార్చేసిందని నేనూ నమ్మాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆరేళ్ళు ఉత్తరం లేదు. మధ్యలో మావారు పోయినప్పుడు కూడా కబురు పెట్టలేకపోయాను. నాకు ఉత్తరం రాసిపెట్టే చెయ్యి ఆ తమ్ముడి చెయ్యి ఒక్కటే.

తర్వాత ఆ పెద్ద సిక్లోన్ తుఫాను వచ్చింది. దాన్ని చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంటి కప్పు రేకులు చెరకు తోటలో దొరికాయి, కొన్ని అసలు దొరకలేదు. రెండు నెలల తర్వాత ఒక పగటిపూట, గుడారం ముందు కూర్చుని చినిగిన బుట్టలు బాగుచేసుకుంటున్నాను. నా మీద నీడ పడింది.

"వదినా."

తలెత్తి ఆమె ముఖం కన్నా ముందు మెడ చూశాను.

"ఏటి ఎతుకుతున్నావు?" అంది.

"నీ శిలువేదే?"

"ఏ శిలువ? అన్నయ్యా అదే రాశాడు, నాకర్థం కాలేదు."

ఒడిలో ఉన్న బుట్ట పక్కన పెట్టి, వెనకనుంచి పాత బుట్ట లాగి, దాని అడుగు కత్తితో చీల్చి ఫోటో ఆమె చేతిలో పెట్టాను. చెమ్మకు అంచులు మడిచిపోయాయి. ఆమె దాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే బురదలో కూలబడింది. కాసేపటికి అది నవ్వు కాకుండా పోయింది.

"దీనికా? ఆరేళ్ళు దీనికా వదినా?"

"నువ్వే రాశావు కదే, శిలువ దొరికిందని."

"మరేటి రాయను? ఈ గుర్తుకి తెలుగులో నాకా మాట ఒకటే తెలుసు. మనూళ్ళో ఏ మలుపు తిరిగినా దారిపక్కన అదే కదా కనపడేది."

రెండు మూళ్ళు ఆరు అని రాసేటప్పుడు మధ్యలో వేసే గుర్తును మీ ఇండియాలో ఇంటూ అంటారట, మేష్టారు చెప్పారు. ఆమెకా మాట ఫ్రెంచిలో తెలుసు, ఇంగ్లీషులో తెలుసు. తెలుగులో చెప్పేవాళ్ళు లేకపోయారు. నాకే తెలియదు, నేనేం చెప్పను?

సిక్లోన్ కబురు విని ఓడెక్కి వచ్చిన మనిషి మళ్ళీ వెళ్ళలేదు, తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. రోజ్ హిల్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతూ, అక్కడే ఒక గది తీసుకుని ఉండేది. శనివారం బస్సులో మా ఇంటికి వచ్చేది. ఓడ మీద సీమనుంచి వచ్చే పుస్తకాలు సంచిలో పెట్టుకుని వచ్చి వసారాలో చదువుకునేది. నేను బుట్టలల్లేదాన్ని. మధ్యమధ్య నాకు అర్థమయ్యేట్టు చెప్పేది. అర్థం కాకపోతే నేను పోట్లాడేదాన్ని. అర్థమయ్యేదాకా విడిచేది కాదు.

ఆమె చెప్పింది ఏమిటంటే, ప్రతి ప్రాణి ఒంట్లోనూ కంటికి కనిపించనంత సన్నని దారం ఉందట. తల్లినుంచి బిడ్డకు పోలికలు వెళ్ళేది ఆ దారం మీదుగానే. జంతువు ఒంట్లోంచి తీసిన ఆ సరుకు జిగురుగా ఉంటుందట. దాన్ని సూదితో వెంట్రుకలా లాగి, బిగించి, ఎక్స్‌రే వెలుగుకు ఎదురుగా పెట్టి ఫోటో తీస్తారట. "ఏ జంతువే?" అని అడిగాను. "అది మాత్రం అడక్కు వదినా. శిలువ కన్నా పెద్ద గొడవవుతుంది," అంది.

ఆ ఫోటోలో ఇంటూ గుర్తు పడిందంటే దారం మెలి తిరిగి ఉందని అర్థం. తాడును పక్కనుంచి చూడమంది. ముందు వైపు పురి ఇటు వాలుతుంది, వెనక వైపు పురి అటు వాలుతుంది. ఆ రెండు వాలులూ కలిసి ఇంటూ. దీన్ని తమకన్నా ముందు కనిపెట్టినవాళ్ళు వేరే ఉన్నారనీ, తనది చిన్న పని అనీ కూడా చెప్పింది. పొగడ్త కోసం నేను ఇదంతా చెప్పడం లేదు. ఆమె పని ఆ ఫోటోల్లో మచ్చలు కొలవడం. మచ్చల నలుపు వరసగా తగ్గుతూ ఉన్న ఒక పట్టీని పక్కన పెట్టి, ఏ మచ్చ ఎంత నలుపో కంటితో చూసి అంకె వెయ్యాలి. రోజుకు వందలు. "నల్లటివి ఎవరైనా కొలుస్తారు వదినా," అనేది. "కనపడీ కనపడనట్టు ఉన్నదే కష్టం. కళ్ళు అలిసిపోయి, అక్కడేం లేదని రాసేస్తాం. తొందరపడి లేదని రాయకూడదు."

బాగుచెయ్యడం సంగతి మాత్రం ఆమెకు నేను చూపించాను. అల్లికలో ఒక పాయ పుచ్చిపోతే ఎలా చేస్తామో బుట్టలల్లే ఆడవాళ్ళకు తెలుసు. పుచ్చినంత మేరకే తీస్తే అతుకు నిలవదు. అటూ ఇటూ నాలుగువేళ్ళ మేర మంచిది కూడా కోసి తీసెయ్యాలి. పక్క పాయ ఎలా వెళ్ళిందో చూసుకుంటూ, కొత్త ఆకు దాని వెంటే తీసుకెళ్ళాలి. ఒక శనివారం పుస్తకంలోంచి తల ఎత్తి నా చేతులకేసి అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏటే, ఆకలా?"

"వదినా, అలా మంచిది కూడా ఎందుకు కోశావు?"

"లేకపోతే నిలవదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మా అమ్మ చేసేది."

పుస్తకం నా ముఖం మీదికి తెచ్చింది, నేను చదవగలిగినట్టు. ఒంట్లోని ఆ దారంలో రెండు పాయలున్నాయట. ఎండ దెబ్బకు ఒక పాయ చెడితే, ఒళ్ళే దాన్ని కొంచెం అటూ ఇటూ కలిపి కోసి తీసేసి, రెండో పాయను చూసుకుంటూ మళ్ళీ పూరిస్తుందట. అక్కడివాళ్ళు అది ఈమధ్యే తెలుసుకున్నారట. ఆ రోజంతా వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. "ఇదంతా నేనక్కడ ఉండి చూడాల్సింది," అని ఒకసారి అంది. నేను విననట్టు ఉండిపోయాను. వెళ్ళమని అనలేకపోయాను. వెళితే నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఎవరు? ఇది కూడా రాయండి మేష్టారూ.

జబ్బు రక్తంలో అన్నారు. ఆ ఎక్స్‌రే వెలుగు వల్లేనా అని అడిగాను. దాని ముందు రోజులకు రోజులు నిలబడిన మనిషి కదా. "తెలియదు వదినా. బాగుచేసే పని ఎక్కడో ఒకచోట తప్పుతుంది. ఎందుకు తప్పిందో ఎవరికీ తెలియదు ఇంకా," అంది. ఆ "ఇంకా" అన్న మాట నవ్వుతూ అంది.

ఈ ఎనిమిదేళ్ళూ రామభజనకు నాతో వచ్చేది. శిలువ కాదని నేను చెప్పినా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. లోపలికి రమ్మని ఎవరూ అనేవారు కాదు, పొమ్మని కూడా అనలేదు. గేటు పక్కన నిలబడేది. దూరంగా దీపం కనిపించగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఏడుస్తోందనుకునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళి కొంగు లాగేశాను. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"నువ్వూ చూడు," అని తన పల్చటి తెల్లచీర కొంగు నా కళ్ళకు అడ్డం పెట్టింది. దూరాన దీపం ఒక్క చుక్కగా లేదు. నాలుగు వైపులా చుక్కలు చుక్కలుగా పరుచుకుని ఉంది. నిలువున ఒక వరస, అడ్డంగా ఒక వరస. నడుమ దీపం.

"ఇదేటే, శిలువ!"

"నీ కొంగులో నిలువు పోగులూ అడ్డ పోగులూ ఉన్నాయి. వెలుగు వాటిలోంచి వస్తే ఇలాగే పడుతుంది. నేను అక్కడ చేసిన పని ఇదే. వెలుగు పడిన తీరు చూసి, కనపడని నేత ఎలా ఉందో చెప్పడం."

కిందటి గురువారం సాయంత్రం నేను కోవెలకు వెళ్ళాను. కమిటీ పెద్ద చింతపండుతో దీపపు స్తంభం తోముతున్నాడు.

"జాబితాలో మా పిల్ల పేరు లేదట తమ్ముడూ."

"నానేటి సెయ్యను అక్కా, కమిటీ మాట."

"కమిటీ అంటే నువ్వూ, మీ బావమరిదీ, ఆ కుర్చీ."

"ఉత్తరం నా నోటితోనే సదివాను కదా. అదెలా మర్చిపోను?"

"నీ నోటితో చదివావు కాబట్టే నీ దగ్గరికొచ్చాను. నీ భుజం మీది ఉత్తరీయం ఇలాగియ్యి."

ఉత్తరీయం చాచి ఆయన కళ్ళముందు పట్టాను. అప్పుడే పొద్దు గుంకింది. ప్లేన్ మాన్యెన్‌లో విమానాలు దిగే చోట స్తంభం మీద దీపం వెలిగింది. చెరకు తోటల మీదుగా మా కోవెల ముంగిట్లోకి అది కనపడుతుంది. చూడమన్నాను. చూశాడు. చింతపండు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏటి కనపడుతోంది?"

గుడ్డకు ఇంకా దగ్గరగా వంగాడు.

"నీ ఉత్తరీయం శిలువ పుచ్చుకుంది తమ్ముడూ. దాన్ని చర్చికి ఎప్పుడు తీసుకెళ్ళావు?"

"ఎగతాళి సెయ్యకు అక్కా."

"సరే. ఇప్పుడు గుడ్డను నువ్వే పట్టుకుని కొంచెం ఏటవాలుగా తిప్పు."

తిప్పాడు. చుక్కల వరసలు కూడా గుడ్డతో పాటు తిరిగి ఇంటూ గుర్తయ్యాయి. మళ్ళీ నిటారుగా పట్టాడు. మళ్ళీ శిలువ.

"ఆ రోజు మా వసారాలో కూడా ఇలాగే తిప్పావు," అన్నాను. "నిలబడేదాకా తిప్పావు."

ఆయన ఉత్తరీయం దించలేదు. నేను గేటు దాటేటప్పుడు వెనక్కి చూస్తే అలాగే నిలబడి ఉన్నాడు. "సూస్తాను అక్కా," అన్నాడు. జాబితా సంగతి చూస్తానన్నాడో, దీపాన్ని ఇంకాసేపు చూస్తానన్నాడో నాకు తెలియలేదు.

వచ్చే శనివారం భజన. ఈ పుస్తకం అచ్చయి మీ చేతికి వచ్చేసరికి అది జరిగిపోయి ఉంటుంది. పిలిచారో లేదో నాకన్నా ముందు తెలిసినట్టు మీరు మాట్లాడుకుంటారు. ఇంతసేపూ ఆమె పేరు చెప్పలేదేమని మేష్టారు రెండుసార్లు అడిగారు. చెప్పను. ఆ పేరు ముందు దీపం దగ్గర వినపడాలి. గరిటె తోమి పెట్టుకున్నాను. పిలిస్తే "వచ్చాం" అంటాను. వెళ్ళేది నేనొక్కదాన్నే అయినా అలాగే అంటాను.

ఇప్పుడు శనివారాలు వస్తూనే ఉన్నాయి. బస్సు వచ్చే వేళకు చేతులు ఆగిపోతాయి. నా మనవలు మంచివాళ్ళే. నేను తెలుగులో అడిగితే క్రియోల్‌లో జవాబు చెబుతారు. నాతో పోట్లాడరు. పొద్దు గుంకాక వసారాలో కూర్చుని, ఆమె తెల్లచీర కళ్ళకు అడ్డం పెట్టుకుని, విమానాలు దిగే చోటి ఆ స్తంభం దీపం చూస్తాను. నడుమ మచ్చ చాలా వెలుగు. దాని పక్కది కొంచెం తక్కువ. ఆ పక్కది ఇంకా తక్కువ. ఆమెలాగే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పోతాను. అయిదో ఆరో అయ్యాక చీకటే. అక్కడితో ఆపను. చీర దించకుండా, రెప్ప వెయ్యకుండా అలాగే చూస్తాను. చాలాసేపటికి, చిట్టచివర, ఉందో లేదో అన్నట్టు ఇంకొక్కటి కనపడుతుంది.